లో-కోడ్ అప్లికేషన్లలో పాత్ర ఆధారిత అనుమతుల ఏర్పాటు: చందర్లపాడు మండల పంట నమోదు నమూనాగా ఒక పరిశీలన

సంగ్రహం

విస్తరణ శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు క్షేత్ర సమాచార సేకరణకు లో-కోడ్ అప్లికేషన్లను స్వయంగా తయారు చేసుకోవడం నేడు సాధారణమైంది. ఫారం తయారీపై చూపే శ్రద్ధ, ఆ సమాచారాన్ని ఎవరు చూడాలి, ఎవరు రాయాలి, ఎవరు మార్చకూడదు అన్న విషయంపై కనిపించదు. ఎన్.టి.ఆర్. జిల్లా చందర్లపాడు మండలంలోని పంటల పరిస్థితిని నమూనాగా తీసుకుని, పాత్రల నిర్ణయం, వరుస, కాలమ్ స్థాయి అనుమతులు, రికార్డు దశలవారీ తాళం, పరీక్షా విధానం ఈ వ్యాసంలో చర్చించడమైనది.

ముఖ్య పదాలు: లో-కోడ్, పాత్ర ఆధారిత అనుమతులు, ఈ-పంట, కౌలు రైతు, సెక్యూరిటీ ఫిల్టర్

పరిచయం

ఆంధ్ర ప్రాంతపు గ్రామ పరిపాలనలో 1984 వరకు కరణం, మునసబు అనే రెండు పదవులు ఉండేవి. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉన్నదో అడంగల్‌లో రాయడం కరణం పని. శిస్తు వసూలు మునసబు పని. లెక్క రాసే చేయి, డబ్బు తీసుకునే చేయి వేరువేరుగా ఉండాలన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన. పై అధికారులు జమాబందీలో ఆ లెక్కలను సరిచూసేవారు. ఈ పద్ధతిలో లోపాలు తక్కువేమీ కావు. పదవులు చాలాకాలం వంశపారంపర్యంగా నడవడంతో పదవి, మనిషి ఒకటైపోయి, లెక్కల పుస్తకం ఇంటి ఆస్తిగా మారిన సందర్భాలు ఊరూరా వినిపిస్తాయి. అయినప్పటికీ పని ప్రకారం అధికారాన్ని విడదీయడమనే సూత్రం కంప్యూటర్ల కంటే ఎంతో ముందే పల్లెకు తెలుసునని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

కంప్యూటర్ రంగంలో ఇదే సూత్రాన్ని అమెరికాలోని జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ (నిస్ట్)కు చెందిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ 1992లో ఒక నమూనాగా రూపొందించారు. 1996లో రవి సంధు, ఆయన సహచరులు దానిని విస్తరించారు. 2004లో అది అమెరికన్ జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. అనుమతులను మనుషులకు నేరుగా ఇవ్వకుండా పాత్రకు ఇచ్చి, ఆ పాత్రను మనిషికి అప్పగించడమే ఈ నమూనా సారం. మనిషి బదిలీ అయితే పాత్రను వెనక్కి తీసుకుంటారు. పాత్రకున్న అనుమతులు మాత్రం చెక్కుచెదరవు.

ఈ-పంటలోని పాత్రలు

ఆంధ్రప్రదేశ్‌లో పాత్రల విభజనను విద్యార్థులు దగ్గరగా చూడగల ఉదాహరణ ఈ-పంట నమోదు. 2020 మే 30న ప్రారంభమై, ప్రస్తుతం రైతు సేవా కేంద్రాలుగా పిలువబడుతున్న గ్రామస్థాయి కేంద్రాలు దీనికి వేదిక. గ్రామ వ్యవసాయ సహాయకులు పొలానికి వెళ్లి పంట, విస్తీర్ణం నమోదు చేసి ఫొటో తీస్తారు. ఉద్యాన పంటలైతే ఉద్యాన సహాయకులు ఆ పని చేస్తారు. గ్రామ రెవెన్యూ అధికారి భూమి వివరాల వైపు నుండి ధ్రువీకరిస్తారు. రైతు ఈ-కేవైసీ ద్వారా తన వివరాలను ఒప్పుకుంటారు. పై అధికారులు కొన్ని నమోదులను ఎంపిక చేసుకుని తిరిగి తనిఖీ చేస్తారు. ముసాయిదా జాబితాను కేంద్రం వద్ద ప్రదర్శించి, అభ్యంతరాలు స్వీకరించిన తరువాతే తుది జాబితా వస్తుంది.

ఇక్కడ గమనించవలసినది ఒకే రికార్డుకు పలువురు తలా ఒక పని చేస్తున్నారన్న విషయం. ఏ ఒక్కరి చేతిలోనూ మొత్తం రికార్డు లేదు. పంటల బీమా, పెట్టుబడి రాయితీ, పంట కొనుగోలు ఈ నమోదుపైనే ఆధారపడతాయి గనుక ఈ విభజన రైతుకు నేరుగా సంబంధించిన విషయం.

విభాగాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, కళాశాలలు తమ అవసరాలకు తయారు చేసుకునే చిన్న అప్లికేషన్లలో ఈ విభజన సాధారణంగా ఉండదు. ఒక గూగుల్ షీట్, దానిపై ఒక ఫారం, లింకు అందిన ప్రతివారికీ పూర్తి అధికారం. ప్రాజెక్టు ఇద్దరితో నడిచినంత కాలం ఇబ్బంది లేదు. పదిహేను గ్రామాలకు, ముప్పై మందికి విస్తరించిన రోజున అదే షీట్‌లో ఒకరి వరుసపై మరొకరి వేలు పడుతుంది.

తెరపై దాచడం, మూలంలో ఆపడం

పాత్రల ఏర్పాటులో తరచుగా జరిగే పొరపాటు ఒకటున్నది. ఒక పాత్రకు కనిపించకూడని బటన్‌ను, కాలమ్‌ను, మెనూను తెరపై కనపడకుండా చేసి పని పూర్తయిందనుకోవడం. తెర వేరు, సమాచారం ఉన్న చోటు వేరు. గదికి తలుపు లేకుండా ముందు తెర కడితే, దారి తెలిసినవారు పక్కనుండి వెళతారు.

2021లో ప్రపంచమంతటా వార్తకెక్కిన సంఘటన దీనికి సాక్ష్యం. మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ పోర్టల్స్‌తో తయారైన వెబ్ పోర్టల్స్ నుండి సుమారు 3.8 కోట్ల రికార్డులు బయటివారికి అందుబాటులో ఉన్నట్లు అప్‌గార్డ్ అనే భద్రతా పరిశోధన సంస్థ ఆ ఏడాది ఆగస్టులో వెల్లడించింది. ఆ పోర్టల్స్ 47 సంస్థలవి. అమెరికాలోని కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు వాటిలో ఉన్నాయి. కొన్ని చోట్ల కోవిడ్ కాంటాక్ట్ ట్రేసింగ్ వివరాలు సైతం ఉన్నాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. పట్టికను జాబితాగా బయటకు అందించే సౌకర్యం తెరిచి ఉన్నది, పట్టిక స్థాయి అనుమతులు అమరికలో వేసి లేవు. ఆ తరువాత మైక్రోసాఫ్ట్ కొత్త పోర్టల్స్‌లో ఈ అనుమతులు మొదటి నుండే అమలులో ఉండేలా మార్చింది. కోడ్ రాయకుండా అప్లికేషన్ తయారు చేయగలగడం లో-కోడ్ సాధనం ఇచ్చే వరం. కోడ్ రాసేవారు అలవాటుగా వేసుకునే ప్రశ్నలు వేసుకోకుండానే అది పూర్తయిపోవడం అందులోని చిక్కు.

2020 జనవరిలో గూగుల్ సొంతం చేసుకున్న యాప్‌షీట్‌లోనూ ఈ తేడా స్పష్టంగా ఉన్నది. 'స్లైస్', 'షో ఇఫ్' అనేవి తెరకు సంబంధించినవి. వాటి ద్వారా దాచిన సమాచారం కూడా వినియోగదారుని ఫోనుకు చేరుతుంది. 'సెక్యూరిటీ ఫిల్టర్' పట్టికకు సంబంధించినది. షరతుకు సరిపోని వరుసలను అది ఫోనుకు పంపనే పంపదు. కాబట్టి మొదటిది సౌలభ్యం కోసం, రెండవది రక్షణ కోసం అని విద్యార్థులు గుర్తించాలి. ఎంచుకున్న చందా శ్రేణిలో ఈ సౌకర్యం ఉన్నదో లేదో ప్రాజెక్టు ప్రతిపాదన దశలోనే చూసుకోవడం మంచిది. మధ్యలో తెలిస్తే బడ్జెట్ అడ్డం వస్తుంది.

నమూనా: చందర్లపాడు

చందర్లపాడు మండలం కృష్ణా నదికి ఉత్తరపు ఒడ్డున, నందిగామ రెవెన్యూ డివిజన్‌లో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది. డెల్టా మాగాణికి భిన్నంగా ఇది మెట్ట. నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధానమైనవి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం పొరుగున ఉన్న జగ్గయ్యపేట మండలంలో ఉన్నది.

ఈ మండలంలో పత్తిపై గులాబీ రంగు పురుగు నిఘాకు ఒక అప్లికేషన్ తయారు చేయాలనుకుందాం. లింగాకర్షక బుట్టలో రోజుకు ఎనిమిది తల్లి పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడినా, పూలలో లేదా కాయల్లో నష్టం పది శాతానికి చేరినా నివారణ చర్యలు చేపట్టాలన్నది అందరికీ తెలిసిన ఆర్థిక నష్ట పరిమితి. అంటే ఒక గ్రామానికి సలహా ఇవ్వాలా వద్దా అన్నది మూడు రోజుల అంకెలపై నిలిచి ఉన్నది. ఒక గ్రామపు అంకె పొరపాటున మరో గ్రామం కింద పడితే, అవసరం లేని చోట పిచికారీ, అవసరమైన చోట నిశ్శబ్దం. రాసే అనుమతిని గ్రామానికి పరిమితం చేయడం ఇక్కడ గోప్యత కోసం కాదు, శాస్త్రీయత కోసం.

పాత్రలు నిర్ణయించేటప్పుడు పదవుల జాబితాతో మొదలుపెట్టరాదు. పనుల జాబితాతో మొదలుపెట్టాలి. బుట్టలోని పురుగులను లెక్కించి రాయడం, ఆ అంకెను సరిచూడడం, సలహా జారీ చేయడం, రైతు వివరాలు నమోదు చేయడం, వినియోగదారులను చేర్చడం, తొలగించడం. ఈ పనుల నుండి నాలుగు పాత్రలు తేలుతాయి. పరిశీలకుడు తన గ్రామపు వరుసలను మాత్రమే చూస్తాడు, కొత్త వరుస చేరుస్తాడు. సరిచూసేవారు మండలమంతా చూస్తారు, ధ్రువీకరణ గుర్తు పెడతారు, అంకెను మాత్రం మార్చలేరు. తప్పనిపిస్తే వెనక్కి పంపుతారు. శాస్త్రవేత్త అంకెలన్నీ చూస్తారు, సలహా పట్టికలో రాస్తారు. రైతుల ఫోన్ నంబర్లు ఆయనకు అవసరం లేదు. నిర్వాహకుడు వినియోగదారుల పట్టికను నడుపుతాడు. పురుగు అంకెలను దిద్దే అనుమతి ఆయనకు ఉండనవసరం లేదు. ఈ చివరి మాటకు ప్రతి బృందంలోనూ అభ్యంతరం వస్తుంది. నిర్వాహకునికి అన్ని అధికారాలూ ఉండాలన్న భావన అంత బలమైనది. అప్లికేషన్‌కు యజమాని అయినవారు మూల షీట్‌ను తెరవగలరు గనుక సాంకేతికంగా అది పూర్తిగా సాధ్యం కాకపోవచ్చు. అయినా రోజువారీ పనికి వాడే ఖాతా, యజమాని ఖాతా వేరుగా ఉంచడం సాధ్యమే.

అమలులో మొదటి మెట్టు సైన్-ఇన్ తప్పనిసరి చేయడం. అది లేకుంటే వాడుతున్నది ఎవరో అప్లికేషన్‌కు తెలియదు. తెలియనప్పుడు పాత్రే లేదు. గ్రామ కేంద్రంలోని ఒకే ట్యాబ్‌ను, ఒకే జీమెయిల్‌ను ముగ్గురు వాడుతుంటే ఎంత చక్కగా పాత్రలు రాసినా కాగితం మీదే ఉంటాయి.

యాప్‌షీట్ తనంతట తాను గుర్తించే పాత్రలు 'అడ్మిన్', 'యూజర్' అనే రెండే. కనుక సొంత పట్టికలు అవసరం. వీటిని రెండుగా పెట్టుకోవాలి. ఒకదానిలో వ్యక్తి పేరు, ఈమెయిల్. రెండవదానిలో ఈమెయిల్, పాత్ర, గ్రామం, మొదలైన తేదీ, ముగిసే తేదీ. రెండవ పట్టిక ఎందుకన్న ప్రశ్నకు ఇన్‌చార్జి బాధ్యతలే సమాధానం. ఒక గ్రామ సహాయకుడు సెలవుపై వెళితే పక్క గ్రామం సహాయకుడు నెల రోజులు రెండు గ్రామాలూ చూస్తాడు. ఒకే పట్టికలో అయితే అతని గ్రామం గడిలో పేరు మార్చాలి, నెల తరువాత మళ్లీ మార్చాలి. మార్చడం మరిచిపోతారు. రెండవ పట్టికలో అయితే ముగింపు తేదీతో ఒక వరుస చేరిస్తే చాలు, ఆ తేదీ దాటాక దానంతటదే పనిచేయదు. పరిశీలనల పట్టికపై సెక్యూరిటీ ఫిల్టర్ షరతు ఇలా ఉంటుంది: లోపలికి వచ్చిన ఈమెయిల్‌కు, ఈ రోజు తేదీకి చెల్లే వరుసల్లోని గ్రామాలలో ఈ పరిశీలన గ్రామం ఉండాలి, లేదా ఆ ఈమెయిల్‌కు మండల స్థాయి పాత్ర ఉండాలి.

చూసే అనుమతి తేలాక రాసే అనుమతి. యాప్‌షీట్‌లో ప్రతి పట్టికకూ మార్పులు అనుమతించాలా అన్న అమరికను స్థిరంగా కాక షరతుగా రాయవచ్చు. పరిశీలకునికి 'చేర్చడం మాత్రమే', సరిచూసేవారికి 'సవరణ మాత్రమే', శాస్త్రవేత్తకు 'చదవడం మాత్రమే' అని ఇస్తే సరిపోతుంది. ధ్రువీకరణ మినహా మిగతా కాలమ్‌లు సరిచూసేవారికి తెరుచుకోకుండా 'ఎడిటబుల్ ఇఫ్' షరతు పెట్టాలి. పరిశీలకుడు తప్పు రాస్తే దిద్దుకునే దారి లేదా అన్న సందేహం న్యాయమైనదే. దిద్దుబాటును పాత అంకెపై రాయకుండా, పాత వరుసను సూచిస్తూ కొత్త వరుసగా చేర్చడం మేలు. మొదట ఏమి రాశారో, ఎందుకు మార్చారో రెండూ మిగులుతాయి.

పరిశీలకుడే ఇన్‌చార్జిగా సరిచూసే పాత్రలోకి వస్తే ఏమి చేయాలి? సిబ్బంది కొరత ఉన్న మండలంలో ఇది ఊహాజనితం కాదు. ఒకే వ్యక్తికి రెండు పాత్రలూ ఇవ్వకూడదని నిషేధిస్తే పని ఆగిపోతుంది. పాత్రలు రెండూ ఉండవచ్చు గాని, ఒకే రికార్డుపై రెండింటినీ వాడకూడదు. ధ్రువీకరణ కాలమ్‌కు, వరుస రాసినవారి ఈమెయిల్, ప్రస్తుత వినియోగదారుని ఈమెయిల్ ఒకటి కాకూడదన్న షరతు చేరిస్తే ఇది నెరవేరుతుంది. శాస్త్ర గ్రంథాల్లో బాధ్యతల గతిశీల విభజనగా చెప్పేది ఇటువంటిదే.

కౌలు రైతు గడి

పురుగు అంకెల కంటే రైతు వివరాల పట్టిక సున్నితమైనది. అందులోనూ 'సాగుదారు' అన్న గడి మరీ సున్నితం. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు గుర్తింపు ఇవ్వడానికి వచ్చినవే. 2019 చట్టం కింద సాగు హక్కు పత్రం పదకొండు నెలలకు చెల్లుతుంది, యజమాని అంగీకారం దానికి అవసరం. కాగితంపై పేరు పడితే భూమి చేజారుతుందేమోనన్న భయంతో సంతకానికి వెనుకాడే యజమానులు ఉన్నారు. ఈ కారణంగా నోటి మాట కౌలు చాలాచోట్ల నోటి మాటగానే మిగిలిపోతున్నది.

ఈ పరిస్థితిలో ఒక పరిశోధక విద్యార్థి సర్వేలో భాగంగా 'ఈ చేను నిజంగా సాగు చేస్తున్నది ఎవరు' అని అడిగి, వచ్చిన జవాబును అందరూ చూడగల షీట్‌లో రాస్తే, దాని ఫలితం వచ్చే ఏడాది ఆ రైతుకు చేను దక్కకపోవడం కావచ్చు. చెప్పినవాడు నమ్మి చెప్పాడు. షీట్ తెరిచి చూసినవారిలో యజమాని బంధువు ఉండడానికి పల్లెలో పెద్ద అవకాశమే ఉన్నది.

సెక్యూరిటీ ఫిల్టర్ వరుసలను ఆపుతుందే గాని కాలమ్‌లను ఆపదు. చూడదగిన వరుసలో చూడకూడని గడి ఒకటి ఉంటే అది కూడా ఫోనుకు వెళుతుంది. కాబట్టి సాగుదారు పేరు, ఫోన్ నంబరు వంటివి వేరొక పట్టికలో పెట్టి, రైతు సంకేత సంఖ్యతో మాత్రమే జతచేసి, ఆ పట్టికకు విడిగా కట్టుదిట్టమైన ఫిల్టర్ పెట్టాలి. పవర్ యాప్స్‌లో డేటావర్స్ వాడితే కాలమ్ స్థాయి భద్రత నేరుగా లభిస్తుంది. షేర్‌పాయింట్ జాబితా వాడితే లభించదు. ఓడీకే సెంట్రల్‌లో సమాచార సేకర్త పాత్రకు పంపే అనుమతే గాని వచ్చిన సమాచారాన్ని చూసే అనుమతి ఉండదు. సర్వే ఒక్కటే అవసరమైన చోట అదే సులువైన దారి.

ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వంటివి పురుగుల నిఘా అప్లికేషన్‌కు అసలే అక్కరలేదు. 'ఎప్పుడైనా పనికొస్తుంది' అని ఒక గడి చేర్చడం పరిశోధకుల పాత అలవాటు. సేకరించని సమాచారానికి అనుమతులు రాయనక్కరలేదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే రూ. 250 కోట్ల వరకు జరిమానాకు ఆ చట్టంలో వీలున్నది.

వరద తరువాత రికార్డు

2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి నీరు వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటువంటి వరద తరువాత పంట నష్టం లెక్కించే వారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. నీరు మునిగిన చేనులో అంతకుముందు ఏమి ఉన్నది? ఒండ్రు కప్పిన నేల జవాబు చెప్పదు. వరదకు ముందు రాసిన రికార్డే చెప్పాలి.

ఆ రికార్డు వరద తరువాత కూడా దిద్దడానికి తెరిచి ఉంటే దాని సాక్ష్య విలువ పోతుంది. బీడు చేను మిరప తోట కావచ్చు. ఇది అందరికీ తోచే అనుమానం. నిజంగా మిరప వేసిన రైతు రికార్డుపై కూడా అదే అనుమానం పడడం అంతకంటే బాధాకరం. అందుచేత పాత్రతో పాటు దశను కూడా షరతులో చేర్చాలి. చిత్తు, సమర్పణ, ధ్రువీకరణ, మూసివేత అన్న నాలుగు దశలు చాలు. చిత్తు దశలో రాసినవారు మార్చవచ్చు. సమర్పించాక సరిచూసేవారే తాకాలి. మూసివేశాక ఏ పాత్రకూ సవరణ ఉండదు. నష్టం వివరాలకు వేరొక పట్టిక తెరవాలి, పాత వరుసను కదపకూడదు. నష్టం రాసేవారు, ఆమోదించేవారు ఒకరు కాకూడదన్న షరతు ఇక్కడా వర్తిస్తుంది.

రైతుకు ఈ అప్లికేషన్‌లో ఏ పాత్ర ఇవ్వాలన్నది తేలని ప్రశ్న. ఈమెయిల్‌తో సైన్-ఇన్ అందరికీ కుదరదు. రైతు సేవా కేంద్రం గోడపై జాబితా అతికించి అభ్యంతరాలు తీసుకునే పాత పద్ధతే ఇప్పటికీ ఎక్కువ మందికి అందుతుంది. అతికించే జాబితాలో పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం ఉండాలి. ఫోన్ నంబరు ఉండకూడదు. అప్లికేషన్ నుండి తీసే ముద్రణ కూడా ఒక పాత్రే అని భావించి, దానికి ఏ కాలమ్‌లు వెళ్లాలో ముందుగా నిర్ణయించాలి.

పరీక్ష, అప్పగింత

అప్లికేషన్ పనిచేస్తున్నదా అని అందరూ పరీక్షిస్తారు. పనిచేయకూడని చోట పనిచేయడం లేదా అన్నది పరీక్షించేవారు తక్కువ. ప్రతి పాత్రకూ ఒక పరీక్షా ఖాతా పెట్టి, ఆ పాత్ర చేయకూడని పనుల జాబితా రాసుకుని, ఒక్కొక్కటీ ప్రయత్నించి విఫలం కావడాన్ని నమోదు చేయాలి. పరిశీలకుని ఖాతాతో పక్క గ్రామం పేరు వెతకాలి. తన వరుసను తానే ధ్రువీకరించబోవాలి. మూసిన రికార్డును దిద్దబోవాలి. యాప్‌షీట్ ఎడిటర్‌లో మరొక వినియోగదారుగా చూసే సౌకర్యం తొలి పరీక్షకు చాలు. తుది పరీక్ష మాత్రం నిజమైన ఫోనులో, నిజమైన ఖాతాతో జరగాలి.

మూల షీట్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. యాప్‌షీట్ సాధారణంగా యజమాని ఖాతా ద్వారా షీట్‌ను చదువుతుంది గనుక వినియోగదారులకు షీట్‌ను విడిగా పంచుకోనక్కరలేదు. నెలవారీ నివేదిక కోసమని ఎవరో ఒకసారి షీట్ లింకును వాట్సాప్ గ్రూపులో పెడితే, పైన చెప్పిన పాత్రలన్నీ ఆ క్షణంతో వృథా. నివేదికకు వేరే నకలు తయారు చేసి ఇవ్వాలి.

పొలాల్లో సిగ్నల్ లేని చోట అప్లికేషన్ ఫోనులోని నకలుతో పనిచేస్తుంది. ఒకరి పాత్ర తొలగించినా ఆ మార్పు ఫోనుకు తెలిసేది తిరిగి సింక్ అయినప్పుడే. కాబట్టి బదిలీపై వెళ్లే సహాయకుడు పంపకుండా మిగిలిన నమోదులను ముందు సింక్ చేయాలి, తరువాత అతని వరుసకు ముగింపు తేదీ వేయాలి, ఆ తరువాత మరొకసారి సింక్ చేసి, ఫోనులో పాత గ్రామపు వరుసలు కనిపించడం లేదని చూడాలి. వరుస తారుమారైతే చివరి వారం లెక్కలు పోతాయి.

యజమాని ఖాతా ఎవరిదన్నది మొదటి రోజే తేల్చవలసిన విషయం. పరిశోధన సహాయకుల సొంత జీమెయిల్‌పై తయారైన అప్లికేషన్, వారి ఒప్పందం ముగిసిన రోజున వారితోనే వెళ్లిపోతుంది. పాస్‌వర్డ్ కోసం పాత ఉద్యోగికి ఫోన్ చేసే దుస్థితి ఏ ప్రాజెక్టుకూ రాకూడదు. సంస్థ పేరుతో ఖాతా తెరిచి, దాని పునరుద్ధరణ నంబరును కార్యాలయ రిజిస్టరులో రాసి, పాత్రల పట్టిక నకలు, అనుమతుల షరతులు తెలుగులో వివరించిన ఒక పేజీ, పరీక్షా ఫలితాల పట్టిక దానితో పాటు భద్రపరచాలి. ఖరీఫ్, రబీ ప్రారంభంలో నిర్వాహకుడు, సరిచూసేవారు కలిసి కూర్చుని ఆ పట్టికలోని ప్రతి పేరునూ చదివి, ప్రస్తుతం ఆ గ్రామంలో లేనివారికి ముగింపు తేదీ వేయాలి.